ఆగాల్సిన చోట ఆగని మోటారు

ఇంద్రజకు కోపం తొందరగా రాదని, ఆదిత్యపూర్‌లో ఆమెతో పనిచేసినవాళ్ళు ఎవరైనా చెప్పేవారు. రెండువేల మూడు వేసవి తర్వాత ఆ మాట అన్నవాళ్ళు లేరు.

తండ్రి స్టీలు ప్లాంటు పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యాడు. తల్లి లీల ఆ హిందీ ఊళ్ళో ఉన్న తెలుగు పిల్లలకు ఇంట్లో సంగీతం చెప్పేది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన ఇంద్రజ పెద్ద కంపెనీల వైపు చూడకుండా, ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లో లారీ విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరింది. ఆ ఉద్యోగం ఇప్పించింది అక్కడి ప్రొడక్షన్ మేనేజర్ ఉమామహేశ్వర్. ఆయన తండ్రికి స్నేహితుడు, తెలుగు సంఘంలో పెద్దమనిషి. ఆమెను పేరుపెట్టి పిలవడు, ఎప్పుడూ "అమ్మాయ్" అనే అంటాడు.

ఆ ఫ్యాక్టరీలో రేకు ముక్కలను ప్రెస్ కిందికి నెట్టే పుషర్ ఒకటి ఉంది. దాన్ని నడిపేది సర్వో మోటారు. ఆ మోటారు ఎంత వేగంతో వెళ్ళాలో, ఎంత బలంతో నెట్టాలో, ఏది అడ్డం వస్తే ఆగిపోవాలో నిర్ణయించేది డ్రైవ్ అనే పెట్టె. ఆ డ్రైవ్‌కు ల్యాప్‌టాప్ తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో అన్నీ అమర్చింది ఇంద్రజే. చేతులు లోపలికి పోకుండా ముందు పెట్టాల్సిన జాలీ తలుపు ఏడాదిగా 'వస్తోంది, వస్తోంది' అంటున్నారు తప్ప రాలేదు. అందుకే ఆమె బలం మీద లిమిట్‌ను బాగా బిగించింది. పుషర్‌కు ఏదైనా అడ్డం తగిలితే మోటారు చప్పున ఆగి, శక్తి వదిలేయాలి, ఎర్రదీపం వెలగాలి. నమ్మకం కలగడానికి మెషిన్ నడిపే అసిరయ్య చూస్తుండగా దారిలో ఒక జామకాయ పెట్టి నడిపింది. కాయకు చిన్న నొక్కు పడిందంతే. అసిరయ్య ఆ కాయ తీసి, పంచెకు తుడుచుకుని తినేశాడు.

అసిరయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిర్సానగర్‌లో స్థిరపడినవాడు. కాంట్రాక్టు కూలీ. పని మీద ఉన్నప్పుడు మాటలుండవు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఇంద్రజ కేబుల్ సామాను కొనడానికి జుగ్సలాయి బజారుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ప్రెస్ దగ్గర నేల తడిగా ఉంది. అప్పుడే కడిగారు. అసిరయ్య కుడిచేతి వేళ్ళు రెండు పుషర్ కింద నలిగిపోయాయని, ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పారు. ఉమామహేశ్వర్ ఆమెను పక్కకు పిలిచి, మెషిన్ నడుస్తుండగా చెయ్యి పెట్టాడని, గల్తీ పూర్తిగా అతనిదేనని అన్నాడు. రేపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడు, డ్రైవ్ టెస్ట్ చేసి లోపమేమీ లేదని ఒక్క ముక్క రాసిస్తే చాలన్నాడు.

ఇంద్రజ ల్యాప్‌టాప్ తగిలించింది. తెర మీద వచ్చిన అంకెలు ఆమె పెట్టినవి కావు. బలం మీద లిమిట్‌ను మోటారు ఇవ్వగలిగినంత దాకా తెరిచేశారు. మోటారు వెళ్ళాల్సిన చోటుకూ, నిజంగా ఉన్న చోటుకూ తేడా పెరిగితే ఆపేసే కాపలాను పూర్తిగా తీసేశారు.

ఎవరు మార్చారని ఎలక్ట్రీషియన్ జగ్గారావును అడిగింది. అతను నేల చూస్తూ ఉన్నదంతా చెప్పాడు. పుషర్ నడిచే పట్టాలు అరిగిపోయి రేకులు మాటిమాటికీ ఇరుక్కుంటున్నాయి. ఇరుక్కున్నప్పుడల్లా మెషిన్ ఆగుతోంది. పట్టాలు మార్చాలంటే పని ఆపాలి. అందుకని మేనేజర్ గారు డ్రైవ్ అమ్మిన డీలర్ మనిషిని పిలిపించి, ఆగకుండా చేయించారట.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రోగం పట్టాలకైతే మందు వీళ్ళు డ్రైవ్‌కు వేశారు! ఆగడం ఆ యంత్రానికున్న ఒక్కగానొక్క మంచి గుణం. దాన్నే పీకేశారు.

అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళింది. అసిరయ్య చేతికి పెద్ద కట్టు ఉంది. ఏం జరిగిందని అడిగితే మెల్లగా చెప్పాడు.

"ఆగిపోనాదనుకున్నానమ్మా. ఎప్పుడిరుక్కున్నా ఆగిపోద్ది గదేటి. ఎర్రలైటు ఎలగనేదు గానీ, కదలకండా ఉన్నాది. రేకు పట్టుకుని లాగినాను. అంతే, మీదికొచ్చేసినాది."

ఇంద్రజకు మొత్తం బోధపడింది. పుషర్ ఆగలేదు. ఇరుక్కున్న రేకును ఉన్న బలమంతా పెట్టి నెడుతూనే ఉంది. రేకు వదులవగానే ఆ బలమంతా ఒక్కసారి ముందుకు దూకింది. పాత అమరికే ఉంటే అది ఎప్పుడో శక్తి వదిలేసి పడి ఉండేది.

మంచం పక్కన నిలబడిన అతని భార్య జగదాంబ ఇంద్రజ కేసి సూటిగా చూసింది. "తాగొచ్చి సెయ్యెట్టినాడని రాసుకొచ్చి సంతకం ఎట్టమన్నారమ్మా," అంది. "ఏ సేత్తో ఎడతాడు?"

తిరిగొస్తూ ఖర్కాయి వంతెన మీద స్కూటీ నడుపుతున్నంతసేపూ ఆ ప్రశ్న ఇంద్రజను తొలిచేసింది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ రాకముందే ఉమామహేశ్వర్ తన గదిలోకి పిలిచాడు. టీ తెప్పించాడు. ఈ సంగతి బయటపడి లారీ కంపెనీ ఆర్డరు పోతే ఫ్యాక్టరీ మూతపడుతుందని, అసిరయ్యతో పాటు అందరి పొట్టా కొట్టినట్టవుతుందని, ఆమె ఇంకా చిన్నదని నెమ్మదిగా నచ్చజెప్పాడు. తానే ఆ లిమిట్ తీయించానని దాచలేదు. చివరికి గొంతు తగ్గించి, "మనం మనం తెలుగువాళ్ళం, అమ్మాయ్. ఇది మన మధ్యనే ఉండాలి," అన్నాడు.

"అసిరయ్యది ఏ భాషండీ, అంకుల్?" అంది ఇంద్రజ.

ఆమె టీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చాక, ఏమీ రాసివ్వనని, టెస్ట్ ఎలాగూ చెయ్యమన్నారు కాబట్టి అందరి ఎదుటా చేస్తానని చెప్పింది. ఫ్యాక్టరీ యజమాని ఇష్టపడలేదు గానీ ఇన్‌స్పెక్టర్ సరేనన్నాడు. ఆమె మనుషులందర్నీ దూరంగా నిలబెట్టి, అసిరయ్య చెయ్యి పెట్టిన చోట ప్యాకింగు పెట్టె నుంచి ఊడదీసిన ఒక చెక్కను అడ్డం పెట్టింది. ల్యాప్‌టాప్ తెరను అందరికీ కనబడేలా తిప్పి, నిన్న ఉన్న అమరికతోనే పుషర్‌ను నడిపింది.

తెర మీద రెండు గీతలు కలిసి నడిచాయి. ఒకటి మోటారుకు ఇచ్చిన ఆజ్ఞ, రెండోది మోటారు నిజంగా చేస్తున్న పని. చెక్క తగలగానే అవి విడిపోయాయి. కింద బలం చూపే గీత నిట్టనిలువుగా లేచింది. దీపం వెలగలేదు. చెక్క పటపటమంటూ చీలి, రెండు ముక్కలై ఎగిరిపడింది.

ఇంద్రజ తన పాత అంకెలు మళ్ళీ ఎక్కించి, ఇంకో చెక్క పెట్టింది. ఈసారి గీతలు విడిపోతున్నాయనగానే పుషర్ ఆగింది, ఎర్రదీపం వెలిగింది. జగ్గారావును పిలిచి చెక్కను లాగమంది. అతను లాగినా పుషర్ కదల్లేదు.

"యే కిస్‌నే బద్‌లా?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. మార్చిందెవరో ఇంద్రజే చెప్పింది, ఉమామహేశ్వర్ పేరుతో సహా, ఆయన కళ్ళలోకి చూస్తూ.

ఆ తర్వాత న్యాయం జరిగిందని చెప్పడానికి లేదు. తాగాడన్న కాగితం మాత్రం మాయమైంది, పరిహారం కేసు నిలబడింది. పట్టాలు మారాయి, జాలీ తలుపు వారం తిరక్కుండానే వచ్చింది. ఏడాది పట్టిన తలుపు! తప్పంతా డీలర్ మనిషి మీదికి తోశారు. గోడకు 'భద్రతే మా ధ్యేయం' అని హిందీలో పెద్ద బోర్డు కట్టి, దాని కింద యజమాని, ఉమామహేశ్వర్ నిలబడి ఫోటో దిగారు. ఇంద్రజను డ్రైవ్‌ల పని నుంచి తప్పించి స్టోర్సులో కూర్చోబెట్టారు. ఆ బోర్డు కిందినుంచి రోజూ నడిచి వెళ్ళలేక ఆమె రాజీనామా చేసింది. తెలుగు సంఘం పూజకు ఆ ఏడు ఇంద్రజ వాళ్ళింటికి పిలుపు రాలేదు. తండ్రి నొచ్చుకున్నాడు. తల్లి మాత్రం, పిలవనందుకు వాళ్ళే సిగ్గుపడాలంది.

ఉద్యోగం మానేసిన సంగతి చెబుదామని ఒక ఆదివారం ఇంద్రజ బిర్సానగర్ వెళ్ళింది. మెచ్చుకుంటారనే అనుకుంది. కానీ అసిరయ్య ముఖం చిట్లించాడు.

"ఎందుకు మానేసినావమ్మా? ఆ మెషినుకాడ ఇప్పుడు మా మేనల్లుడున్నాడు. ఆల్లు మల్లీ ఆ లిమిట్టు ఇప్పేత్తే సూసేదెవరు?"

తను కోపాన్ని చల్లార్చుకున్నదే గానీ మనుషుల్ని కాపాడలేదేమోనన్న అనుమానం ఆమెకు మొదటిసారి కలిగింది. జగదాంబ పెట్టిన అటుకులు తిని లేచింది.

తర్వాత ఆమె సొంతంగా డ్రైవ్‌లు టెస్ట్ చేసే పని పెట్టుకుంది. స్కూటీ ముందు ల్యాప్‌టాప్ సంచీ పెట్టుకుని ఆదిత్యపూర్ షెడ్లన్నీ తిరిగింది. మెషిన్ నడిపే మనిషి తన పక్కన నిలబడి తెర చూస్తే తప్ప కేబుల్ తగిలించదు. ఏ గీత ఏం చెబుతుందో అతనికి హిందీలోనో తెలుగులోనో విడమరిచి చెబుతుంది. లిమిట్ 'థోడా సా', కాస్తంత వదులు చెయ్యమని అడిగే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళతో ఆమె వాదించదు. ముందు పట్టాలు చూపించమంటుంది. చూపించకపోతే ల్యాప్‌టాప్ మూసేసి, ఎందుకు మూశానో మెషిన్ నడిపేవాళ్ళందరికీ వినబడేట్టు చెప్పి మరీ వెళ్తుంది.