తడి ఆరని మాస్కు

సౌదీలో ధహ్రాన్ పక్కన ఆ కాంపౌండు ఇళ్లలో చల్లగాలి వీస్తోందంటే దాని వెనుక మొండయ్య చెయ్యి ఉందని అందరూ ఒప్పుకోవలసిందే. ఒప్పుకోనివాళ్లను మొండయ్యే కూర్చోబెట్టి ఒప్పించేవాడు. జగిత్యాల పక్క పల్లెలో ఏడో తరగతి వరకు చదివి, హెల్పరు వీసా మీద విమానమెక్కి, చల్లగాలి తయారుచేసే చిల్లర్ ప్లాంటులో సీనియర్ ఆపరేటరు దాకా ఎదిగిన మనిషి. కువైట్ యుద్ధం రోజుల్లో సైరన్లకు బెదిరి సగం క్యాంపు జెడ్డా బస్సులెక్కితే, ఆస్పత్రి వైపు వెళ్లే చల్లగాలిని ఒక్క పూటైనా ఆగనివ్వలేదు. అందుకు కంపెనీ ఇచ్చిన ఇత్తడి ఫలకం ఆయన మంచం పైన గోడకు మెరుస్తూ ఉంటుంది.

"మిషన్ అన్నది మనిషి చెయ్యి చూస్తది. నా చేతిల ఒక్క బెల్టు ముందుగాల తెగలే, ఒక్క సీలు ముందుగాల కారలే" అనేవాడు. అది ఉత్త గొప్ప కాదు. నిజమే.

అలాంటి మనిషి యాభై దాటాక ఒకనాడు ప్యానెల్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురకపెట్టాడు. ఆస్పత్రికి తీసుకుపోయి, తలకూ ఛాతీకీ తీగలు అంటించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోందన్నారు. ఇలాగే వదిలేస్తే ఒకసారి ఆగింది మళ్లీ మొదలుకాకపోవచ్చన్నారు. కంపెనీ ఇన్సూరెన్సు మీద ఒక చిన్న మిషన్ ఇచ్చారు. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు పెట్టుకునే మాస్కు. అది గాలిని ఒత్తిడితో లోపలికి పంపి గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. మాస్కులోకి ఊపిరి తగిలిందంటే స్విచ్చు నొక్కకుండానే తిరగడం మొదలుపెడుతుంది.

ఇన్సూరెన్సు ఏది ఎప్పుడు ఇస్తుందో మొండయ్యకు కంఠస్థం. గాలి వడకట్టే ఫిల్టరు నెలకొకటి. ముక్కు చుట్టూ అతుక్కునే మెత్తటి రబ్బరు, దాన్ని కుషన్ అంటారు, మూడు నెలలకొకటి. గొట్టమూ మాస్కూ ఆరు నెలలకొకసారి. గడువుకు ముందు అడిగితే రాదు. "నాకు గడువు దాటినంక గూడ పనిజేస్తది, సూడు" అని గదిలో ఉండే స్వామితో పందెం కట్టినంత పని చేశాడు. పొద్దున్నే మాస్కును సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో ఒత్తి, మేకుకు తగిలించి డ్యూటీకి వెళ్లేవాడు. ఆ ఎడారి గాలికి తడిబట్టలే గంటలో కరకరలాడతాయి.

అయినా వేసవి మొదలయ్యాక, సాయంత్రం వచ్చి ముట్టుకుంటే మాస్కు లోపల తడిగా ఉండేది.

మొదట ఏసీ నీళ్లు కారాయనుకున్నాడు. ఏసీ విప్పి చూశాడు. పొడిగా ఉంది. మాస్కును వేరే గోడకు మార్చాడు. అక్కడా తడే. ఒకరోజు బస్సు తొందరగా దింపింది. బూట్లు కూడా విప్పకుండా వెళ్లి మాస్కు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. అప్పుడే ఎవరో మొహం మీది నుంచి తీసినంత వెచ్చగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే లవంగం వాసన.

మొండయ్య మాస్కును మంచం మీద పెట్టి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆ గదిలో లవంగం నమిలిన మనిషి ఒకడే ఉండేవాడు. బాబ్జాన్. కడప జిల్లా మనిషి, కంపెనీ స్టోరులో పని. ఎప్పుడూ బుగ్గన లవంగం. యుద్ధంలో విషవాయువు మాస్కులు కంపెనీ సొంత మనుషులకే ఇచ్చారు. అప్పటికి కాంట్రాక్టు మీదే ఉన్న మొండయ్యలాంటి వాళ్లకు తడి తువ్వాళ్లే గతి. సైరన్ మోగగానే బాబ్జాన్ తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, తన మాస్కులో నాలుగు శ్వాసలు పీల్చి, తీసి మొండయ్య మొహానికి తొడిగేవాడు.

"ఇది పద్ధతేనా భాయ్? నిజంగ గ్యాస్ వస్తే ఇద్దరం పోతం గదా" అనేవాడు మొండయ్య, మాస్కులోంచి.

"పోతే ఇద్దరం పోతాంలేప్పా. మాట్లాడి నా గాలి ఖర్చుపెట్టద్దు. నీ వంతు అయిపోయినాది, ఇటియ్యి."

గ్యాస్ రాలేదు. యుద్ధం అయిపోయింది. కొన్నేళ్ల తర్వాత, ఇప్పుడు స్వామి పడుకునే మంచం మీదే బాబ్జాన్ నిద్రలో పోయాడు. గురకతో గదిని అదరగొట్టే మనిషి ఆ రోజు ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే, హమ్మయ్య అని గదంతా హాయిగా నిద్రపోయింది. తెల్లవారి చాయ్‌కి లేపబోతే ఒళ్లు చల్లబడి ఉంది.

"ఏందన్నా, మాస్కును గట్ల సూస్తున్నవ్? మాట్లాడుతదా?" అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన స్వామి.

"దీన్ని ఎవలో పెట్టుకుంటున్నరు."

స్వామి మొహం ఒక్క క్షణం మారి, మళ్లీ నవ్వు తెచ్చుకుంది. "ఎవలు పెట్టుకుంటరే? బాబ్జాన్ భాయేమో. అప్పుడు నీకిచ్చిండు గదా, ఇప్పుడు తన వంతు అడుగుతుండు."

మొండయ్య మాస్కును తీసుకెళ్లి మళ్లీ సబ్బునీళ్లతో కడిగాడు.

ఆ నెలలోనే కుషన్ అంచు చిరిగింది. గడువు ఇంకా సగం ఉంది. గాలి పక్కనుంచి కారి ఈల వేస్తోంది, సైరన్ మొదలయ్యే ముందు గొంతు సవరించుకున్నట్టు. ఆ ఈలకు మెలకువ వచ్చి లేచి కూర్చునేవాడు. పగలు ప్యానెల్ ముందు కళ్లు వాలసాగాయి. రబ్బరు తెచ్చుకోకపోతే ఒకనాడు తన మంచం మీద కూడా ఎవరో చాయ్‌కి లేపి చూస్తారని తెలుసు.

ఆస్పత్రిలో ఆ మిషన్లు చూసే అమ్మాయి శ్రీలత, గుంటూరు వైపు పిల్ల. కంప్యూటర్ వంక చూసి తల అడ్డంగా ఊపింది. "అంకుల్, మీకు కుషన్ డ్యూ ఇంకా నెలన్నర తర్వాత. ఇప్పుడు రిక్వెస్ట్ పెడితే రిజెక్ట్ అవుతుంది."

"చినిగింది బిడ్డా. ఇగో."

"అందరూ ఇదే చెబుతున్నారండీ. కొంతమంది కొత్తవి తీసుకెళ్లి బతా బజారులో అమ్మేసుకుంటున్నారని ఇన్సూరెన్సు వాళ్లు మామీద పడుతున్నారు. మిమ్మల్ని అనడం లేదు." గొంతు తగ్గించింది. "వచ్చే వారం మిషన్ పట్టుకురండి. ఎప్పుడెప్పుడు వాడారో లోపల రికార్డు ఉంటుంది, చూసి చెబుతాను. తేడా కనిపిస్తే మాత్రం మిషనే వెనక్కి తీసేసుకుంటారంకుల్. నేనేం చేయలేను."

ఇత్తడి ఫలకం అందుకున్న మనిషిని దొంగ అన్నట్టే అయింది. చెవులు కాలిపోతుండగా క్యాంపుకు వచ్చాడు. అమ్ముకున్నాడన్న మాట ఎలాగో దులుపుకోవచ్చు. కానీ మిషన్ లోపల రాసి ఉన్నదేమిటి? చచ్చిపోయినవాడి ఊపిరి కూడా అందులో పడుతుందా?

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ప్లాంటును అసిస్టెంటుకు అప్పగించి, జీవితంలో మొదటిసారి డ్యూటీ మధ్యలో క్యాంపుకు వచ్చాడు.

పగటిపూట క్యాంపును ఆయన ఎన్నడూ చూడలేదు. వరండా పొడవునా తలుపుల ముందు చెప్పుల జతలు, మనుషులు మాత్రం లేరు. ఎండ తెల్లగా నేలను అంటుకుని ఉంది. ఎక్కడా నీడ లేదు. దూరంగా మసీదులో అజాన్ మొదలై, అయిపోయింది. అది ఆగాక ఆ శబ్దం వినిపించింది. తన గది లోపలి నుంచి. లోపలికి... బయటికి... లోపలికి... బయటికి. తన మిషన్ ఊపిరి తీస్తోంది.

తలుపుకు లోపలి గడియ వేసి లేదు. తోశాడు.

తన మంచం మీద, తన దుప్పటి కింద ఎవరో వెల్లకిలా పడుకుని ఉన్నారు. మొహం మీద మాస్కు. చిరిగిన అంచులో, బాబ్జాన్ అప్పట్లో తలుపు సందుల్లో కుక్కినట్టే, తడిగుడ్డ కుక్కి ఉంది. గదంతా లవంగం వాసన. మొండయ్య పక్క మంచం పట్టీ పట్టుకున్నాడు.

"బాబ్జాన్ భాయ్" అన్నాడు. "నీ వంతేనా?"

దుప్పటి కదిలింది. మనిషి ఉలిక్కిపడి లేచి, మాస్కు లాగేసి, గోడకు నక్కి కూర్చున్నాడు. ఒక చెంప వాచిపోయిన, నలభై ఏళ్ల బక్క మనిషి.

"కాకా, కొట్టకుండ్రి. పీరయ్యను. కోరుట్ల దిక్కు. స్వామి తెలుసు నాకు."

మొండయ్యకు భయం పోయిన చోటికి కోపం వచ్చింది. "ఎవనివిరా నువ్వు? నా మంచం మీద నీకేం పని?"

"ఖల్లివల్లి అయిన కాకా." వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ దగ్గరి నుంచి పారిపోయినవాళ్లను అక్కడ అలాగే అంటారు. "కఫీల్ ఎడారిల గొర్ల కాడ పెట్టిండు. ఉరికొచ్చిన. రాత్రంత రొట్టెల బట్టీల పని. పగలు పండుకునేటందుకు స్వామి తాళంచెవి ఇచ్చిండు. ఆయన మంచం మీదనే పండుకుంటుంటి. పండుకుంటే గొంతు పట్టేస్తది. ఎవలో కూసున్నట్టు అయితది ఛాతి మీద. ఒకనాడు ఇది మొహానికి పెట్టుకున్న, ఏమైతదో అని." మాస్కును రెండు చేతులా పట్టుకుని చూపించాడు. "గింత నిద్ర నా జన్మల పోలే కాకా."

"దవాఖానకు పోవద్దా?"

"ఇకామా ఏది? ఈ దేశంల ఉండేటి ఆ కాయిదం లేంది ఇన్సూరెన్సు ఏడికెల్లి వస్తది? గేటు కాడనే పోలీసుకిస్తరు. పన్ను నొప్పికే పోలే. లవంగం పెట్టుకుంటున్న."

మొండయ్య స్వామి మంచం మీద కూలబడ్డాడు. వీడు దొరికితే క్యాంపు బాసు వీడినొక్కణ్ణే కాదు, తనను కూడా సామాను కట్టించి పంపుతాడు. మెడ పట్టి బయటికి తోస్తే అయిపోతుంది. మిషన్ ఇంకా తిరుగుతూ, పీరయ్య చేతుల్లోని మాస్కులోంచి చల్లగాలి వచ్చి మొండయ్య మోకాలికి తగులుతోంది.

"దాన్ని ఎట్ల కడుగుతున్నవ్?" అన్నాడు చివరికి.

"ఎట్లనా? బట్టీ కాడ అలవాటు గదా, సలసల కాగిన నీళ్లతోని."

"ఓరి నీ! రబ్బరు రా అది, గిన్నె కాదు! నా చేతిల ఒక్క సీలు..." అని ఆగిపోయాడు. "గోరెచ్చని నీళ్లు. సబ్బు. కడిగి, పుండు తుడిచినంత మెల్లగ తుడువు. నాకు కొత్తది వస్తే ఈ చినిగిన కుషన్ నీకే, అది ఎక్కించుకో. నేనొచ్చేసరికి మంచం ఖాళీ ఉండాలె."

పీరయ్య కాళ్లకు వంగబోతే, "ముందుగాల పండుకో. వంతు అయిపోలే నీది" అని బయటికి వచ్చేశాడు.

వారం తర్వాత శ్రీలత మిషన్ రికార్డు తెరిచింది. తెర మీద చూసింది. ఆయన వంక చూసింది. "అంకుల్, ఇందులో పగలు కూడా వాడినట్టుంది. మీది పగటి డ్యూటీ కదా?"

మొండయ్యకు గోడ మీది ఫలకం కళ్లముందు మెదిలింది. "డ్యూటీ ఇడిచిపెట్టి వచ్చి పండుకుంటున్న బిడ్డా. చాతనైతలేదు."

"మరి కుషన్ ఎందుకు చిరిగింది?"

"కాగిన నీళ్లతో కడిగిన. తెలువక."

శ్రీలత రికార్డు మూసేసింది. ఆయన యుద్ధంనాటి చిల్లర్ కథ ఆమె ఇదివరకు రెండుసార్లు విన్నది. "వాడకంలో పొరపాటు అని రాస్తే ఒక్కసారికి ఇస్తారంకుల్. కంపెనీకి కూడా కాపీ వెళ్తుంది. పర్వాలేదా?"

"రాయి."

ఆ మాట ప్లాంటు దాకా వచ్చింది. మొండన్న డ్యూటీలో పడుకుంటాడట అని కుర్ర ఆపరేటర్లు నవ్వారు. ఆయన వినపడనట్టే గేజీలు చూసుకున్నాడు. ఫలకాన్ని తీసి పెట్టెలో పెట్టాడు.

ఆ ఏడాది ఆమ్నెస్టీ వచ్చింది. ఇకామా లేనివాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చన్నారు. పీరయ్య దేశం విడిచిపోయే కాగితం, ఔట్‌పాస్ తీసుకుని విమానమెక్కాడు. నిజామాబాద్‌లో మిషన్ కొన్నాడనీ, పన్ను పీకించుకున్నాడనీ స్వామికి ఫోన్ వచ్చింది.

ఆ తర్వాత కుషన్ గడువు నిండేవరకూ చెక్కుచెదరలేదు. శ్రీలత మెచ్చుకుంది. మాస్కు ప్రతి సాయంత్రం ఎండిపోయి, చల్లగా, ఏ వాసనా లేకుండా మేకుకు వేలాడుతూ ఉండేది. మొండయ్యకు దాన్ని చూస్తేనే కొత్తగా భయం వేసింది, వంతు అడిగేవాళ్లెవరూ మిగలనట్టు.

ఒక సాయంత్రం స్వామి ఇంకా రాలేదు. మొండయ్య మిషన్ ఆన్ చేసి, మాస్కును తన మొహానికి పెట్టుకోకుండా బాబ్జాన్ పోయిన పక్క మంచం తలాపున, ఖాళీలోకి చాపి పట్టుకున్నాడు. గాలి బుస్సుమని ఊరికే కారిపోతోంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాడు.

ఉన్నట్టుండి బుస్సుమనడం ఆగింది. మాస్కు ఎవరి మొహానికైనా సరిగ్గా అతుక్కున్నప్పుడు వచ్చే సన్నటి, నిండు శబ్దం. లోపలికి... బయటికి...

మొండయ్య కదలలేదు. ఆ నాలుగు శ్వాసలు అయిపోయేదాకా ఆగి, మళ్లీ గాలి బుస్సుమన్నాక, మాస్కును వెనక్కి తీసుకున్నాడు. లోపల తడిగా ఉంది. తుడవకుండానే పెట్టుకున్నాడు.