పెట్టె ముందు బయలుదేరింది

ఆ కరోనా రోజుల్లో లోకమంతా ప్రాణాల గురించి భయపడుతుంటే, నేను మాత్రం ఒక పర్మిట్ గురించి భయపడ్డాను. రాయచూరులో మా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కెనడా చదువు చదువుతున్నాను. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే పర్మిట్‌కు ఈ నెలలు లెక్కకొస్తాయా, రావా? నాన్న కొట్టులో దీపం పెట్టే వేళకు నాకు అక్కడి పొద్దుటి క్లాసు మొదలయ్యేది. (జిల్లాలో అంత పెద్ద కరెంటు ప్లాంటు ఉండి కూడా, మా వీధిలో సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది.) ఫలానా తేదీలోగా ఆ దేశంలో కాలు పెట్టకపోతే ఇంట్లో చదివిందంతా గంగపాలేనని తోటి విద్యార్థులు రోజుకొకరు బెదిరించేవారు.

విమానాలు ఆగిపోయినా మా అవ్వ పెట్టించిన ముహూర్తం ఆగలేదు. మనిషి కదలలేనప్పుడు ఆ మనిషి వస్తువును ముహూర్తానికి పొరుగింట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. దాన్ని ప్రస్థానం అంటారు. అలా నా పెట్టె ప్లాంటులో పనిచేసే కరెంటు మామ ఇంటికి బయలుదేరింది. (చుట్టం కాదు, వీధికంతా మామ.) "పోనీకి ఏది ముఖ్యమో గదే పెట్టాలె" అని అవ్వ నా పాస్‌పోర్టు కూడా అందులోనే పెట్టించింది.

"ఏందవ్వా, పెట్టె పోతే నేను పోయినట్టు లెక్కనా?" అన్నాను.

"మరి ఇంట్ల కూసోని చదివితే ఆడ చదివినట్టు లెక్కనా?" అంది.

ఎండాకాలంలో వీసా కబురు వచ్చింది, గడువులోగా పాస్‌పోర్టు పంపమని. పెట్టె వెనక్కి తెస్తే ప్రయాణానికి భంగమని అవ్వ గుమ్మానికి అడ్డం కూర్చుంది. ఆమెను దాటుకుని పరుగెత్తాను. మామ వాకిట్లో అంబులెన్సు ఉంది. ఆయాసంతో రొప్పుతున్న మామను ఎక్కిస్తున్నారు, అత్త ఏడుస్తోంది. నేను దూరంగా నిలబడి వీధంతా వినేలా ఏమని అరిచానో తెలుసా? "మామా, నా పెట్టె!" ("ఎట్లున్నవ్ మామా" అని కాదు.) ఆ ఇంటికి సీలు వేస్తే నా గతేమిటన్నదే నా ఏడుపు. మామ మూతి మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "ఫికర్ చేయకు బిడ్డా. బీరువా పక్కల ఉంది, తీస్కపో" అన్నాడు. తీసుకున్నాను. మామ మళ్లీ ఇంటికి రాలేదు.

నేను ఆ ఫలానా తేదీలోగానే కెనడా చేరాను. ఇంట్లో చదివిన నెలలన్నీ లెక్కకొచ్చాయి, చదువయ్యాక పర్మిటూ వచ్చింది. అందరికీ ఫోన్ చేసి చెప్పాను, అత్తకు తప్ప. చివరికి ఆమే చేసింది.

"పెట్టె మంచిగ చేరిందా బిడ్డా? మామ దవాఖానల గూడ గదే అడిగిండు."

అంబులెన్సు ముందు పెట్టె కోసం అరిచిన ఆనాటి పిచ్చిపిల్లను తలచుకుని నవ్వబోయాను. "చేరింది అత్తా" అని, అప్పుడు అడిగాను, "ఎట్లున్నవ్ అత్తా?"