బావ దిగిన బండ

మొన్న మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్తే వేదిక వెనక పెద్ద తెర మీద సముద్రం కనిపించింది. నిలువుగా లేచిన నల్లని కొండలు, వాటికి తగిలి తెల్లగా విరిగే అలలు. అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే, నేను మాత్రం చేతిలోని అక్షింతలు ఎవరి మీద వేశానో తెలియకుండా వేసి బయటికొచ్చేశాను.

మా బావ, అంటే అక్క భర్త, కోదాడలో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. చిలుకూరు, మోతె వైపు ఆయన కెమెరా చూడని పెళ్లికూతురు తక్కువ. "జర నవ్వమ్మా, ఏడ్సుడు అప్పగింతలప్పుడు ఎట్లాగూ ఉంటది" అంటే ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వేది. కానీ ఆయనకు మనుషుల ఫొటోలు మొహం మొత్తాయి. నవ్వమంటే నవ్వనిదాన్ని, చెప్పినట్టు నిలబడనిదాన్ని ఒక్కసారి తీయాలని కోరిక. రెండేళ్ల కిందట అక్కనూ నన్నూ వెంటేసుకుని అండమాన్‌లో, పడవ తప్ప దారి లేని ఒక దీవికి తీసుకెళ్లాడు. సాగర్ ఎడమ కాలువ తప్ప మరో నీళ్లు ఎరగని మేం ముగ్గురం కొండ కొసన నిలబడి ఆ నీళ్లవైపే చూశాం. చివరికి అక్కే, "గిన్ని నీళ్లు! ఒక్క మడి తడవదు గదా" అని నిట్టూర్చింది.

కింది నుంచి తీస్తేనే కొండ ఎత్తు తెలుస్తుందని బావ రాళ్లు పట్టుకుని దిగి, నీటి అంచున చాపంత బండ మీద నిలబడ్డాడు. తీస్తూనే ఉన్నాడు. పోటు మొదలైన సంగతి ఆయన గమనించలేదు, మాకు తెలియలేదు. ఒక అల వచ్చి ఆయన దిగిన దారిని కప్పేసింది. వెనక్కి పోతుందనుకున్నాం. పోలేదు.

"పైకి రాయ్యా! నీకు దండం పెడత, ఆ కెమెరా పారేసి రా!" అని అక్క గొంతు చించుకుంది. మమ్మల్ని తెచ్చిన పడవాయన పరుగెత్తుకొచ్చి చూసి, పడవను ఆ రాళ్ల దగ్గరికి తెస్తే ముక్కలవుతుందని, పోటు తగ్గేదాకా ఏమీ చేయలేమని హిందీలో చెప్పాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. పడవలోని తాడు తెచ్చి వదిలితే, అది బావ తలకు ఎంతో ఎత్తులోనే గాలికి ఊగుతూ ఉండిపోయింది. నీళ్లు నడుము దాకా వచ్చేసరికి బావ చేతిలో కెమెరా లేదు. చీలికలో రెండు చేతులూ దూర్చి కొండను కావలించుకున్నాడు. అలల హోరులో ఆయన గొంతు ఒక్కసారే వినిపించింది.

"బామ్మర్దీ, అక్కను అవుతలికి తీస్కపో. ఆమె సూడొద్దు."

ఆ ఒక్క పనీ నాకు చేతకాలేదు. అక్క అంచున బోర్లా పడుకుని, "నేనెటూ పోను! నీదిక్కే సూస్తున్న, పట్టు ఇడవకు" అంటూనే ఉంది. నేను ఆమె కాళ్లు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అంతకుమించి నేను చేసింది ఏమీ లేదు.

నీళ్లు ఛాతీ దాకా వచ్చి ఆగాయి. అందులో మా గొప్ప ఏమీ లేదు. పొద్దు వాలుతుండగా, వచ్చినంత నిదానంగా తగ్గాయి. పడవాయన కిందికి దిగి, తాడు బావ నడుముకు కట్టి పైకి తెచ్చాడు. బావ వేళ్ల కొసలు చిట్లి నెత్తురు కారుతోంది. అక్క ఆయన వీపు మీద దబదబా నాలుగు బాది, ఆ వెంటనే కొంగుతో తల తుడిచింది. ఆయన వణుకుతూ, "ఒక్క ఫొటో మిగల్లే" అన్నాడు.

బావ ఇప్పటికీ పెళ్లిళ్లు తీస్తున్నాడు. సముద్రం ఊసెత్తడు. మేమూ ఎత్తం. రెండేళ్లూ ఇట్టే గడిచిపోయాయి గాని, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం నాకింకా పూర్తిగా గడవలేదు.