పాలిచ్చిన వరస

మా అవ్వ లాలెమ్మది కోడుమూరు. మేం దూదేకులవాళ్లం. తాత కాసీం భుజాన విల్లు తగిలించుకొని ఊళ్లు తిరిగేవాడు. పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లా మెత్తగా చేసి ఇచ్చేవాడు. అవ్వ ఇంటికాడ బొంతలు కుట్టేది. మా ఇంట్లో మాట తెలుగే. కర్నూలులో తురకం మాట్లాడేవాళ్లు మమ్మల్ని సగం తురకలనేవాళ్లు, ఊళ్లో రెడ్లు తురకలనేవాళ్లు. ఈ రెంటికీ అవ్వ బదులు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం అవ్వ నోట విన్నది, సగం నేను చూసింది.

మొదటి పెద్దయుద్ధం ముగిసే యేడు వానలు పడలేదు. జొన్న మోకాలెత్తు పెరిగి ఎండిపోయింది. దానికి తోడు జ్వరాలు వచ్చినాయి. ఇవ్వాళ దగ్గిన మనిషి నాలుగోనాటికి ఉండేవాడు కాదు. మోసేవాళ్లు చాలక పీనుగులను బండ్ల మీద వేసుకుపోయినారు. మా అమ్మ మాబున్ని అప్పటికి నాలుగు నెలల పిల్ల. అవ్వకు తొలి బిడ్డ మగపిల్లోడు, ఏడాది నిండకముందే పోయినాడు. ఈమె రెండోది.

మా వీధి చివర ఒక చేను. ఆ చేను అవతల క్రైస్తవుల పాళెం. అక్కడ బావులు తవ్వే ఏసన్న అనే ఆయన ఉండేవాడు. ఆయన భార్య కృపమణి, మా అవ్వ, ఇద్దరూ పత్తి ఏరే కాలంలో ఒకే చేనికి పోయేవాళ్లు. కృపమణి మగబిడ్డను కన్న పన్నెండో దినాన ఆ జ్వరంతోనే చచ్చిపోయింది. పాళెంలో పాలిచ్చే తల్లులు ఇద్దరుంటే ఇద్దరూ జ్వరంతో మంచం మీద ఉన్నారు. మేకపాలలో నీళ్లు కలిపి పోస్తే బిడ్డ కక్కేసినాడు. అప్పుడు ఆ పాళెంలో ఇంటింటికీ పోయి బైబిలు చదివి వినిపించే విశ్వాసమ్మ అనే పెద్దామె బిడ్డను చీరచెంగులో చుట్టుకొని మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. అరుగు ఎక్కలేదు. బిడ్డను చూపించి, లాలెమ్మా, ఒక్కపూట తాపితే చాలు అనింది.

మా ముత్తవ్వ హుసేనమ్మ, అంటే అవ్వకు అత్త, వాకిట్లోనే అడ్డం పడింది. కరువు యేడు, ఇంట్లో బిడ్డకే పాలు చాలడం లేదు, అందులోనూ పాళెం బిడ్డ, నలుగురూ ఏమంటారు అని ఆమె వాదం. అవ్వ అన్నీ విన్నది. లోపలికి పోయి, మా అమ్మను తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. తర్వాత అరుగు దిగిపోయి విశ్వాసమ్మ చేతుల్లోంచి బిడ్డను తీసుకొని గోడవారగా కూర్చుంది. బిడ్డకు చప్పరించే ఓపిక కూడా లేదంట. వేలికి పాలు అద్ది నోట్లో పెట్టి, పెట్టి, చాలాసేపటికి రొమ్ము పట్టించింది.

ముత్తవ్వ ఊరుకోలేదు. మరుసటి దినం పొద్దున్నే మసీదు కాడికి పోయి ముల్లాసాబుకు ఫిర్యాదు చేసింది. ఆయన ఎండలో నడుచుకుంటా మా వాకిలి దాకా వచ్చినాడు. వద్దంటాడేమోనని అవ్వ బిడ్డను ఇంకా దగ్గరికి పెట్టుకుంది. ఆయన వద్దనలేదు.

"పాలకు కులం లేదు లాలెమ్మా. అయితే ఒక సంగతి తెలుసుకొని తాపు. నీ పాలు తాగినాడంటే వాడు నీ బిడ్డే. నీ కడుపున పుట్టినోళ్లకు తోడబుట్టినోడితో సమానం. రేపు వాళ్ల మధ్య నికా కుదరదు" అన్నాడు.

"నికా మాట తర్వాత సాబూ. ముందు బతకనీ" అనింది అవ్వ.

బిడ్డ బతికినాడు, మా ఇంట్లోనే ఉండిపోయినాడు. వాళ్ల నాయన ప్రకాశం అని పేరు పెట్టుకున్నాడు. ముత్తవ్వ ఆ తర్వాత ఆ బిడ్డ మాట ఎత్తలేదు కానీ, తన సంగటి ముద్దలో సగం తుంచి అవ్వ పళ్లెంలో వేయడం మొదలుపెట్టింది. ఎందుకత్తా అంటే పళ్లు నొస్తాండాయి అనేది. ఆ కరువంతా ఆమెకు పళ్లు నొస్తానే ఉన్నాయి. ఏసన్న పనికి పోతా పోతా గుప్పెడు ఉలవలో, చేని గట్టున దొరికిన ఆకుకూరో అరుగు మీద పెట్టి, బిడ్డ మొహం చూసి పోయేవాడు.

రెండేండ్లు దాటినాక అవ్వ రొమ్ముకు వేపాకు రసం పూసుకొని ఇద్దరినీ ఒకేసారి మాన్పించింది. ఆ తర్వాత ఏసన్న మళ్లా పెండ్లి చేసుకొని బిడ్డను ఇంటికి తీసుకుపోయినాడు. ఆ దినం నీకు ఎట్లనిపించింది అవ్వా అని నేను పెద్దయినాక అడిగినాను. బరువు దిగినట్లనిపించింది అనింది. ఏడ్వలేదా అంటే, "మూడో దినం ఏడ్సినా" అనింది.

తీసుకుపోయినా పిల్లోడు ఆ ఇంట్లో ఉన్నది తక్కువ. చేనికి అడ్డంగా పరిగెత్తి మా ఇంటికి వచ్చేవాడు. మారుతల్లి మంచి మనిషే, ఆమెను చిన్నమ్మ అనేవాడు, మా అవ్వను అమ్మ అనేవాడు. పాళెం బడిలో ఐదో తరగతి దాకా చదివినాడు. తర్వాత ఒక జత ఎద్దులు సంపాదించుకొని బండి బాడుగకు తోలేవాడు. మా అమ్మ పెద్దమనిషైనాక కూడా అతని ముందు ముసుగు వేసుకునేది కాదు. తమ్ముడి ముందు ముసుగేమి అని తాత కూడా అనేవాడు.

అమ్మకు పదిహేడో యేట కర్నూలు సంబంధం వచ్చింది. పెండ్లికొడుకు ఇమాం, అంటే మా నాయన, పరుపుల అంగట్లో పనిచేసేవాడు. ఆయన తండ్రి బుడన్ సాబుకు కర్నూలులో కాస్త పేరుండేది. తురకం మాట్లాడే పెద్దింటివాళ్లతో కలిసిపోవాలని ఆయన ఆశ. ప్రకాశం సంగతి వాళ్ల చెవిన పడింది. ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లోకి పాళెం పిల్లోడు వస్తాపోతా ఉంటాడంట అని వాళ్లింటి ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. బుడన్ సాబు తానే వచ్చి మాట్లాడినాడు. అవ్వ పాలిచ్చిన వరస చెప్పింది, ముల్లాసాబు మాట చెప్పింది, కావాలంటే మీ కాజీని అడిగి చూడమనింది.

"వరస ఉంటే ఉండనీ వదినా, కాదనను. మావాళ్ల కండ్లకు కనబడేది వాడి మతం, వాడి పాళెం. పెండ్లి దినం మాత్రం వాణ్ణి రానీయొద్దు" అన్నాడు ఆయన.

తాత ఒక్క దినమే కదా అన్నాడు. మంచి సంబంధం పోగొట్టుకోవద్దని చుట్టాలన్నారు. అవ్వ రెండు దినాలు ఆలోచించి, సరే అనింది. ఆ మాట ఇంకొకరి చేత చెప్పించడం ఇష్టంలేక తానే బండికాడికి పోయింది. ప్రకాశం ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు.

"నాయనా, పెండ్లి దినం నువ్వు రావద్దు" అనింది.

అతను చేతిలో బకెట్టు కింద పెట్టినాడు. తర్వాత, "మాబున్నికి తెలుసునా?" అని అడిగినాడు.

"తెలీదు."

"చెప్పొద్దులే. బాడుగకు మంత్రాలయం పోయినానని చెప్పు."

అబద్ధం కాకూడదని నిజంగానే ఆ దినం యాత్రికులను ఎక్కించుకొని మంత్రాలయం పోయినాడు. పెండ్లిలో అమ్మ మూడుసార్లు తమ్ముడేడని అడిగిందంట. మూడుసార్లూ అదే జవాబు చెప్పినారు. తన బతుకులో చేసిన తప్పులు ఏవేవని అవ్వ ఎప్పుడూ లెక్కపెట్టుకునే మనిషి కాదు. ఈ ఒక్కదాని గురించి మాత్రం నాతో అనింది: "పాలు తాపేటప్పుడు ఎవరినీ అడగలేదు. రావద్దనేటప్పుడు అందరి మాటా విన్నా."

పెండ్లి తర్వాత ప్రకాశం రావడం మానుకున్నాడు. వీధిలో ఎదురైతే బాగుండావా అమ్మా అనేవాడు, గడప దగ్గరికి వచ్చేవాడు కాదు. ఆరు నెలలు అట్లే గడిచినాయి. ఒక దినం మధ్యాహ్నం అవ్వ కుడుతున్న బొంత పక్కన పెట్టి, చేను దాటి పాళెంలోకి పోయింది. అప్పటికి ప్రకాశానికి కూడా పెండ్లయింది. ఆయన భార్య ఏసుమణి వాకిట్లో జొన్నలు చెరుగుతా, ఈమెను చూసి చాట పట్టుకొనే లేచి నిలబడింది. అవ్వ నేరుగా లోపలికి పోయి ప్రకాశం ఎదురుగా కూర్చొని, ఆకలవుతాంది, సంగటి పెట్టు అనింది. ఊళ్లో మావాళ్లు పాళెంలో నీళ్లు తాగేవాళ్లు కారు. ఏసుమణి ఒకసారి మొగుడి మొహం చూసి, సంగటీ, పుండికూరా పెట్టింది. అవ్వ పళ్లెం ఖాళీ చేసి, మజ్జిగ కూడా అడిగి పోయించుకుంది. తప్పయిందని ఆమె అనలేదు, ఫర్వాలేదని ఆయన అనలేదు. మరుసటి వారం ప్రకాశం మా ఇంటి పైకప్పు మట్టి మెత్తడానికి వచ్చినాడు. పాళెంలో తిన్నదని మా చుట్టాల్లో రెండిండ్లవాళ్లు అవ్వను కొన్నాళ్లు శుభకార్యాలకు పిలవలేదు. ఆమెకు వాళ్లు చేసే పులుసు ఎప్పుడూ నచ్చేది కాదంట, అందుకని పెద్దగా పట్టించుకోలేదు.

నేను కర్నూలులోనే పుట్టినాను. నాకు ఏడేండ్లప్పుడు నాయన కలరాతో పోయినాడు. అంతకు రెండేండ్ల ముందే కోడుమూరులో తాత కూడా పోయినాడు. మాలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది దినాలు గడప దాటకూడదు. ఆ గడువు తీరినాక అమ్మను పుట్టింటికి పంపాలని జేజినాయన బుడన్ సాబు అనుకున్నాడు. ఒంటరిగా పంపడానికి పద్ధతి ఒప్పదు. తండ్రి లేడు కాబట్టి తోడబుట్టినోడు వచ్చి తీసుకుపోవాలని కోడుమూరుకు కబురు పంపించినాడు. కబురు పంపేటప్పుడు ఆ తోడబుట్టినోడు ఎవరో ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలీదు. అవ్వ ఇంకేమీ అడగకుండా ప్రకాశం మామను పంపింది.

ఆ పొద్దు నాకు బాగా గుర్తుంది. జేజినాయన వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు, అప్పటికి ఆయనకు చూపు మందగించింది. బండి ఆగింది. ఖాకీ అంగీ వేసుకున్న ఒక మనిషి దిగి, వాకిలి బయటే నిలబడినాడు.

"ఎవరప్పా?" అన్నాడు జేజినాయన.

"మాబున్ని తమ్ముణ్ణి. కోడుమూరు నుంచి వచ్చినా."

జేజినాయన చాలాసేపు ఆ మనిషి వైపే చూసినాడు. నేను స్తంభం పక్కన ఉన్నాను, ఏదో అంటాడని చూస్తున్నాను. ఈలోగా అమ్మ లోపలి నుంచి వచ్చింది. నాలుగు నెలలుగా మామగారి ముందు తల కూడా ఎత్తని మనిషి, ముసుగు జారిపోయినా చూసుకోకుండా పోయి ప్రకాశం మామ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు తాకింది నేను చూడటం అదొక్కసారే. జేజినాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత లోపలికి వినబడేటట్లు, "పిల్ల తమ్ముడొచ్చినాడు. కాళ్లకు నీళ్లియ్యండి. అన్నం పెట్టండి" అన్నాడు. మామను నడింట్లో చాప మీద కూర్చోబెట్టి పెట్టినారు. బండి కదిలేటప్పుడు జేజినాయన కర్ర పట్టుకొని వీధి మలుపు దాకా వచ్చినాడు.

కోడుమూరులో అమ్మ కూడా బొంతలు కుట్టడానికి కూర్చుంది. మేం సుఖంగానే ఉన్నామని చెప్పను. అమ్మకూ ఏసుమణి అత్తకూ కోళ్ల దగ్గర తగాదా వచ్చేది. మా కోడి వాళ్ల గంపలో గుడ్డు పెడితే ఆ గుడ్డు ఎవరిదని. ఇద్దరూ వచ్చి అవ్వకు చెప్పేవాళ్లు. అవ్వ ఇద్దరికీ తల ఊపి తన పని తాను చేసుకునేది. మామ ఆ సమయానికి ఎద్దులు కడగాలని సాకు పెట్టుకొని వంక గట్టుకు పోయేవాడు.

దేశానికి స్వతంత్రం వచ్చిన దినం బడిపిల్లలందరం జెండాలు పట్టుకొని వీధులన్నీ తిరిగినాం. ఆ మధ్యాహ్నం కర్నూలు చుట్టం ఒకాయన మా ఇంటికి వచ్చి, మనవాళ్లు కొందరు హైదరాబాదుకు పోతున్నారని, ఇంకా దూరం పోయేవాళ్లు కూడా ఉన్నారని, మీరేమనుకుంటున్నారని అవ్వను అడిగినాడు. అవ్వ సూదిలో దారం ఎక్కించుకుంటోంది. ఆమె కండ్లు కూడా అప్పటికి సరిగా కనబడేవి కావు.

"యాడికి పోతామప్పా? రేపటికి ఇయ్యాల్సిన బొంతలు రెండుండాయి" అనింది.

ఆ చుట్టం మజ్జిగ తాగి పోయినాడు. అవ్వా, అమ్మా, గుడ్డు తగాదా మరిచిపోయి వచ్చిన ఏసుమణి అత్తా, నేనూ బొంతకు తలా ఒక మూల పట్టుకొని కూర్చున్నాం. పొద్దు గుంకేలోపల ఒకటి అయింది, రెండోది సగానికి వచ్చింది.