పెద్ద కత్తెర చూడని రిపోర్టు

ఆ వీధిలో అన్నను పెద్ద కత్తెర అనీ, తమ్ముణ్ణి చిన్న కత్తెర అనీ పిలిచేవారు. అసలు పేర్లు వాళ్ల భార్యలకైనా గుర్తున్నాయో లేదో. సెలూన్‌లో ఉన్నవి రెండే కుర్చీలు. వీధివైపు నిలువెత్తు గాజు కిటికీ పక్కనున్న కుర్చీ అన్నయ్యది. లోపల, తల కడిగే తొట్టి పక్కన చీకట్లో ఉన్నది తమ్ముడిది. పెద్ద కత్తెర పనితనం ఎంతటిదంటే, ఈగ వచ్చి వాలినా దాని మీసం దువ్వి గానీ పంపేవాడు కాదు. పెళ్లికొడుకులు కిటికీ పక్క కుర్చీ కోసం గంటలకొద్దీ కాచుకునేవారే తప్ప, ఖాళీగా ఉన్న లోపలి కుర్చీ ఎక్కేవారు కాదు.

పెద్ద కత్తెరకు పదకొండేళ్లుగా షుగర్. మాత్రలు వేళ తప్పేవాడు కాదు. ఈ మధ్య మాత్రం కొత్త బాధ పట్టుకుంది. తొడలు బరువెక్కిపోయేవి. నేలమీద కూర్చుంటే లేవడానికి గోడ సాయం కావలసివచ్చేది. మధ్యాహ్నానికల్లా నడుమూ మోకాళ్లూ సలిపేవి. నిలబడి చేసే వృత్తిలో నిలబడలేకపోతే ఇంకేముంది?

"అది షుగరే అన్నయ్యా. నరాల్ని తినేస్తుంది. మా మామగారికీ ఇంతే, చివరికి మంచం దిగలేకపోయాడు," అన్నాడు చిన్న కత్తెర.

"మీ మామగారికి మంచం దిగే అలవాటు ఎప్పుడుందిరా?" అన్నాడు పెద్ద కత్తెర. నవ్వాడు గానీ లోపల భయం పట్టుకుంది.

డాక్టరమ్మ అతని షుగర్ కాగితాలు చూసింది, అరికాళ్లకు సన్నని తీగ తాకించి చూసింది. "షుగర్ అదుపులోనే ఉంది, పాదాల్లో స్పర్శా బాగానే ఉంది. వచ్చిన ప్రతి నొప్పినీ షుగర్ నెత్తిన రుద్దకండి. విటమిన్ డి పరీక్ష చేయిద్దాం. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అది తక్కువగా ఉంటోంది."

"నాకు తక్కువేంటి డాక్టరమ్మా. ఎండ పొద్దున్నే నాకంటే ముందొచ్చి నా కుర్చీలో కూర్చుంటుంది. తడి తువ్వాలు పిండేలోపే ఆరిపోతుంది."

"కిటికీకి గాజుందా?"

"ఉంది. రోజూ నేనే తుడుస్తా."

"గాజులోంచి వెలుగొస్తుంది, వేడొస్తుంది. ఒంట్లో డి తయారుకావడానికి కావలసిన కిరణం మాత్రం చాలావరకు బయటే ఆగిపోతుంది."

ఇరవై ఆరేళ్లుగా రోజూ వచ్చి కబుర్లు చెప్పిపోయిన చుట్టం ఒక్కనాడూ తనను ముట్టుకోలేదని తెలిసినట్టయింది పెద్ద కత్తెరకు.

ల్యాబులో రక్తం ఇచ్చి, రిపోర్టు పంపడానికి తమ్ముడి నంబరు చెప్పాడు. ఎక్కడైనా అదే చెప్పేవాడు. తనకు ఫోన్ లేదు. రెండు చేతులూ కత్తెరకూ దువ్వెనకూ పోతే ఫోనుకు మూడో చెయ్యి ఎక్కణ్ణించి వస్తుందనేవాడు.

మూడో రోజు చిన్న కత్తెర ఫోన్ చూస్తూ వచ్చాడు. "రిపోర్టొచ్చింది అన్నయ్యా. డి నిండుగా ఉందంట. చెప్పాగా, షుగరేనని."

పెద్ద కత్తెర మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. ఏమీ లేదని తేలాక ఆమెను విసిగించడం దేనికనుకున్నాడు. ఒకటో తారీఖు నుంచి కిటికీ పక్క కుర్చీ నీదేనని తమ్ముడికి చెప్పేశాడు.

"ఇంకోసారి చూపించుకోకూడదా?" అంది భార్య.

"వాడు చదివి చెప్పాడుగా," అన్నాడు.

మూడు వారాల తర్వాత మామూలు షుగర్ పరీక్షకు పరగడుపున ల్యాబుకు వెళ్లాడు. రక్తం తీసే అమ్మాయి చేతికి పట్టీ కడుతూ అడిగింది. "బాబాయ్, డి మందు మొదలుపెట్టారా?"

"మందెందుకమ్మా, నిండుగా ఉందిగా."

"నిండుగానా? ఎనిమిది వచ్చింది బాబాయ్. కనీసం ఇరవై ఉండాలి. తప్పకుండా డాక్టర్‌ని కలవమని కూడా రాశాను." ఆమె ఫోన్ తీసి చూపించింది. రిపోర్టు, దాని కింద ఆమె రాసిన మాట, ఆ కింద తమ్ముడి జవాబు: 'అందింది. అన్నకు చెబుతాను.'

సూది ఎప్పుడు గుచ్చిందో, ఎప్పుడు తీసిందో అతనికి తెలియలేదు.

క్షవరం చేసేవాడు తన తల తాను కత్తిరించుకోలేడు. అందుకని సెలవు రోజున తలుపు దగ్గరగా వేసి, అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు చేసుకునేవారు. ఎన్ని తగవులొచ్చినా ఆ పద్ధతి తప్పలేదు. ఆ వారమూ ముందు తమ్ముడు కూర్చున్నాడు. పెద్ద కత్తెర నురగ పూసి, కత్తిని గొంతు కింద ఆనించి, అప్పుడు అడిగాడు.

"ఎనిమిదంటే నిండుగా ఉన్నట్టేరా?"

చిన్న కత్తెర గుటక మింగబోయి, కత్తి గుర్తొచ్చి ఆగిపోయాడు. పెదవులు మాత్రం కదిలించి అన్నాడు. "నీకేం ప్రాణం మీదికి రాలేదుగా అన్నయ్యా. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంటే అదే తగ్గుతుందనుకున్నా."

"కూర్చుంటే తగ్గుతుందని ఎవరు చెప్పారు?"

"ఇరవై ఏళ్లయింది తొట్టి పక్కన నిలబడి. తల తడపడానికి తప్ప నా దగ్గరికి ఎవడొస్తాడు?"

"అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేవాడివా?"

పెద్ద కత్తెర ఆలోచించాడు. ఇచ్చేవాడు కాదు. అది నిజమే. "ఇవ్వకపోతే తగువు పడాల్సింది. వీధిలో పదిమందిని పోగేసి నన్ను తిట్టాల్సింది. నా ఒంట్లో ఏముందో నాకే అబద్ధం చెబుతావా?"

పెద్ద కత్తెర తమ్ముడి గడ్డం పూర్తి చేశాడు. ఒక్క గాటు పడలేదు, ఒక్క వెంట్రుక మిగల్లేదు. చిన్న కత్తెర లేచి కుర్చీ తుడిచి, గుడ్డ దులిపి, "కూర్చో అన్నయ్యా," అన్నాడు. పెద్ద కత్తెర చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

డాక్టరమ్మ వారానికొకసారి వేసుకునే మందు రాసిచ్చింది. ఎప్పటి షుగర్ మాత్రలు అప్పుడే వేసుకోవాలనీ, ఇది షుగర్‌కు మందు కాదనీ, మూడు నెలలకు మళ్లీ రక్తం చూడాలనీ చెప్పింది. ఒకటో తారీఖున పెద్ద కత్తెర తన కుర్చీ దగ్గరే నిలబడ్డాడు. మొదట్లో గంటకొకసారి స్టూలు మీద కూలబడేవాడు. రెండు నెలలయ్యేసరికి గోడ పట్టుకోకుండా లేవగలిగాడు. అన్నదమ్ముల మధ్య నీళ్లు, తువ్వాలు, బ్లేడు అన్న మాటలు తప్ప వేరే మాట లేదు.

జుట్టు చెవుల మీదికి దిగాక ఒక సెలవు రోజున అతను బస్సెక్కి, తనను ఎవరూ ఎరగని పేటకు వెళ్లి, ఒక చిన్న సెలూన్‌లో కూర్చున్నాడు. అక్కడి మనిషి అతని మెడ వెనక జుట్టు పైకి దువ్వి చూసి, కాస్త ఆగాడు.

"ఇంతకుముందు ఎవరు చేశారు సార్? ఇన్నాళ్లయినా కత్తిరింపు వరస చెదరలేదు. మంచి చెయ్యి."

"మా తమ్ముడు."

"ఊళ్లో లేడా?"

"ఉన్నాడు," అన్నాడు పెద్ద కత్తెర. "నువ్వు కానివ్వు."