నానబెట్టిన చక్రం

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏడు నడుస్తుండగా, మా నాన్నగారు ఒక చప్పుడు విని విననట్టు ఊరుకోవడం చూశాను. అంతకు ముందు పామును చూసి భయపడ్డాను, వరదను చూసి భయపడ్డాను. మా నాన్నగారి ముఖం చూసి భయపడటం మాత్రం నాకు అదే మొదలు.

ఆయనా నేనూ కాలవ గట్టు మీద బండిలో వస్తున్నాం. ఎద్దులు మంచి పరుగులో ఉన్నాయి. ఎడమ చక్రంలోంచి టిక్కుమని చిన్న చప్పుడొచ్చింది. చక్రం ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ టిక్కుమంది. ఆయన మెడ రవ్వంత అటు తిరిగింది. విన్నారు. వెంటనే నా వైపు చూడకుండా ఎద్దుల్ని గట్టిగా అదిలించారు. మెడగంటల మోతలో ఆ చప్పుడు కలిసిపోయింది.

మాది రాజోలు దగ్గర ఊరు. ఆనకట్ట కట్టి మా వైపు కొత్తగా కాలవలు తవ్విన రోజులవి. అంతవరకూ మా బురద దారుల్లో బండి దిగబడకుండా ఇల్లు చేరడమే గొప్ప. కాలవతో పాటు నున్నటి గట్టు వచ్చింది, గట్టుతో పాటు ఎడ్లబండ్ల పందాలు వచ్చాయి. మాఘమాసంలో కోతలన్నీ అయిపోయాక, ఒక సాయంత్రం లాకుల దగ్గర బయలుదేరి మా ఊరి రేవుదాకా పరుగెత్తించేవారు. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క నిలువెత్తు పల్లంలో పొలాలు. మధ్యన రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత గట్టు.

మా బండి కొత్తదేం కాదు. ఎప్పుడో ఒక దివాణంలో సరదాకి చేయించుకున్న తేలిక బండి. పాతబడి గొడ్ల సావిట్లో పడి ఉంటే కోళ్ళు అందులో గుడ్లు పెట్టుకునేవి. పొయ్యిలోకి చీల్చేస్తామని దివాణం వాళ్ళంటే నాన్నగారు అడిగి తెచ్చుకున్నారు. కాడి దాకా సాగే దాని నొగల వంపు చూస్తే లేడి కాళ్ళు గుర్తొచ్చాయట ఆయనకి. ఇంటికి తెచ్చిన నాటి నుంచి పొలం పని తప్ప మిగిలిన పొద్దంతా దాని చుట్టూనే. పైనున్న గూడు తీసేశారు. బరువైన చెక్కల అడుగు తీసేసి, కొబ్బరి తాడుతో మంచంలా అల్లారు. కాడి మార్చారు. ఇరుసుకి రాసే కందెనకి వరిగడ్డి మసి ఎంత, ఆముదం ఎంత అన్నది ఆయనకో వేదం. మా అమ్మ అనేది, "ఆ ఇరుసుకి పోసిన ఆముదం నా తలకి రాసుంటే జడ మోకాళ్ళ దాకా వచ్చునండి" అని.

మా నాన్నగారు ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. బండి దగ్గర మాత్రం మాట్లాడేవారు, అదీ నాతోనే. చక్రం నడుమనున్న కుంభం నుంచి అంచుదాకా ఉండే పన్నెండు కర్ర ఆకుల్నీ ఒక్కొక్కటే చిన్న కర్రతో కొట్టి, నన్ను చెవి పెట్టమనేవారు. గంటలా పలికితే బిగువుగా ఉన్నట్టు, పగిలిన కుండలా పలికితే వదులైనట్టు. కళ్ళు మూసుకుని ఏ ఆకు ఎలా పలికిందో చెబితే "ఆయ్, అదీ!" అని మురిసిపోయేవారు. ఆ రెండు మాటల కోసం నేను బొమ్మలాటలు కూడా మానేశాను.

తేలిక చెయ్యడం అనేది దాహం లాంటిది. ఆకుల్ని సన్నగా గీయమని మా వీధి చివర ఉండే వడ్రంగి తాతను అడిగారు. ఆయన ఒకసారి గీశాడు. రెండోసారి అడిగితే చెక్కే బాడిస కింద పెట్టేశాడు. "ఇంక గీయకూడదండి బాబుగారండి. ఇప్పటికే లంఖణాలు చేసిన మనిషిలాగుందండి" అన్నాడు. నాన్నగారు నవ్వేసి ఇంటికొచ్చి, గాజుపెంకుతో తనే గీసుకున్నారు. ఆ పెంకు మీదుగా రాలే పొట్టును నేను దోసిట్లో పట్టి చూసుకునేదాన్ని. అంత అందంగా ఉండేది.

ఆ పందానికి ఒక కట్టుబాటుండేది. తోలే మనిషి కాక బండిలో ఇంకొకరు కూర్చోవాలి. ఖాళీ బండి పరుగెత్తించడం గొప్పేమిటని పెద్దలు పెట్టిన నియమం. కూర్చునే మనిషి ఎంతవాడై ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అంతకు ముందు ఏడు మా పాలేరు కూర్చున్నాడు, బండి రెండోదిగా వచ్చింది. ఈ ఏడు నాన్నగారు బాగా ఆలోచించి, ఆరేళ్ళ మా తమ్ముణ్ణి కూర్చోబెడతానన్నారు. వాడు ఎగిరి గంతేశాడు. అమ్మ వద్దంది. "నా కొడుకు కాదూ వాడు? నాకు తెలీదా?" అన్నారు నాన్నగారు. గూడు పోయింది, చెక్కలు పోయాయి, పాలేరు పోయాడు. బండి తేలిక చెయ్యడంలో చివరి మెట్టు మా తమ్ముడు.

ఆ టిక్కుమనే చప్పుడు విన్నది పందానికి మూడు రోజుల ముందు. ఇంటికి రాగానే నేనే కర్ర తీసుకుని ఎడమ చక్రం ఆకులు కొట్టి చూశాను. పన్నెండింటిలో నాలుగు పగిలిన కుండలే. "నాన్నగారూ, నాలుగు వదులుగా ఉన్నాయండి" అన్నాను. ఆయన "ఆయ్, అదీ" అనలేదు. నా చేతిలో కర్ర తీసుకుని చూరులో దోపారు.

సరిగా బాగు చేయాలంటే చక్రం చుట్టూ ఉన్న ఇనప పట్టా ఊడదీసి, కొత్త ఆకులు వేసి, పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి మళ్ళీ తొడగాలి. పది రోజుల పని. నాన్నగారు చీకటి పడుతుండగా ఆ చక్రాన్ని దొర్లించుకుంటూ రేవుకి తీసుకుపోయారు. నేనూ వెళ్ళాను. నీళ్ళలో పడుకోబెట్టి పైన రాళ్ళు పెట్టారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే ఆకులు బిగుసుకుంటాయి, పట్టా కరుచుకుంటుంది. తెల్లారి కొడితే పన్నెండూ గంటల్లా పలుకుతాయి. "వడ్రంగి తాతకి చెప్పకు. మన బండి సంగతి మనకి చాలు" అన్నారు.

మన బండి అన్నారు! అంతవరకూ అది ఆయన బండి. నేను తల ఊపాను. ఊపినందుకు ఆ క్షణంలో ఎంత సంతోషపడ్డానో, చాప మీద పడుకున్నాక అంత భయపడ్డాను. పక్కన మా తమ్ముడు నిద్రలోనే ఎద్దుల్ని "హై, హై" అంటున్నాడు. అమ్మతో చెబితే అమ్మ గొడవ చేస్తుంది, ఎవరు చెప్పారో నాన్నగారికి వెంటనే తెలిసిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించబోయినప్పుడల్లా గట్టు పక్కన కాలవ కనిపించేది.

రెండో రోజు వడ్రంగి తాత పాకకి వెళ్ళాను. ఆయన నాగలి చెక్కుతున్నాడు. పొట్టు ఏరుతూ చాలాసేపు కూర్చున్నాను. ఆయన ఏమీ అడగలేదు. చివరికి, బండి పేరు ఎత్తకుండా అడగడానికి ఒక దారి దొరికింది నాకు.

"తాతా, తడిసిన చక్రం ఎంతసేపు గట్టిగా ఉంటుంది?"

ఆయన బాడిస ఆగింది. నా వైపు చూడలేదు. చెక్కుతున్న చెక్కనే చూస్తూ, "ఎండ తగిలేదాకా అండి బుల్లెమ్మగారూ" అన్నాడు. బాడిస మళ్ళీ ఎత్తి, "తర్వాత ముందుకంటే వదులవుద్దండి" అన్నాడు. ఎవరి చక్రమని గాని, ఎవరు తడిపారని గాని అడగలేదు. ఒక జామకాయ చేతిలో పెట్టి ఇంటికి పొమ్మన్నాడు.

పందెం నాటి పొద్దున్న ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. పందానికి వెళ్ళే ప్రతి చక్రాన్నీ వడ్రంగి కొట్టి చూసి, కుంభం మీద పసుపు బొట్టు పెట్టాలి. బొట్టు లేని బండిని లాకుల దగ్గర నిలబడనివ్వరు. మా చక్రాన్ని అప్పటికి మూడు రాత్రులు నానబెట్టి, తెల్లారేలోగా తుడిచి, కందెన పూసి నిగనిగలాడేలా చేశారు నాన్నగారు. తాత ఒక్కో ఆకునూ కొట్టాడు. పన్నెండూ గంటల్లా పలికాయి. ఆయన పసుపు తడిపి బొట్టు పెట్టాడు. నాన్నగారి ముఖం విచ్చుకుంది.

"ఓ మాటండి బాబుగారండి" అన్నాడు తాత. "బొట్టు పెట్టిన చక్రం పొద్దు వాలేదాకా సూర్యనారాయణమూర్తికి ఎదురుగా ఉండాలండి. నీడలో ఆరకూడదండి. మా పెద్దోళ్ళ ఆచారమండి."

"కిందటేడు లేదే ఈ ఆచారం?"

"కిందటేడు మా వోడొచ్చి పెట్టేడండి. కుర్రసన్నాసి, వాడికేం తెలుసండి?"

అలాంటి ఆచారం ఏ ఊళ్ళోనూ లేదని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం తాత రెండు చక్రాలూ ఊడదీయించి, వాకిట్లో ఎండకి ఏటవాలుగా ఆనించి, పక్కనే గోనె పరుచుకుని కూర్చున్నాడు. ఇంటికి పొమ్మంటే, "పర్లేదండి, కోళ్ళు తొక్కుతాయండి" అన్నాడు. నాన్నగారు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఒకసారి చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చారు, చక్రం మీద దుమ్ము కడుగుతానని. తాత ఆ చెంబు అందుకుని, "దాహమేస్తందని ఎలా కనిపెట్టేరండి!" అని గటగటా తాగేశాడు. ఆ ఏడు పందెంలో తన బండీ ఉన్న ఎదురింటి మావయ్యగారు వీధిలో పోతూ ఆగి, "ఏమండోయ్ బావగారూ, చక్రాలు వడియాల్లా ఎండబెట్టేరేంటండీ? వేయించి తింటారా?" అన్నారు. ఆయన పాలేర్లు పగలబడి నవ్వారు. నాన్నగారు నవ్వలేదు.

మిట్టమధ్యాహ్నం దాటాక, ఎవరూ ముట్టుకోకుండానే ఎడమ చక్రం టక్కుమంది. తాత కదల్లేదు. నాన్నగారే వచ్చి చక్రాన్ని రెండు చేతులతో ఎత్తి నేలకి తాటించారు. ఆకులు కుంభంలో గలగలలాడాయి, ఇనప పట్టా ఒక పక్క చెక్కని వదిలి వేలెడు దూరం జరిగింది. ఆయన అలాగే పట్టుకుని నిలబడిపోయారు. సరిగ్గా ఆ సమయానికి మా తమ్ముడు, తలపాగా చుట్టించుకుని, బొట్టు పెట్టించుకుని, "ఎక్కనా?" అంటూ గుమ్మంలోకి వచ్చాడు. నాన్నగారు వాడి వైపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. చక్రం కింద పెట్టేశారు.

"ఈ ఎండలు మా చెడ్డయండి. చెక్క ఏం చేస్తదండి పాపం" అన్నాడు తాత, గోనె దులుపుకుంటూ. "పది రోజులు నాకు వదిలేయండి. మళ్ళేడుకి చూద్దారి."

సాయంత్రం పందెం మేం లేకుండానే జరిగింది. గట్టు మీంచి కేకలు వినిపిస్తుంటే మా తమ్ముడు వాకిట్లో పడి దొర్లి దొర్లి ఏడ్చాడు. వాడికిప్పుడు ఒక కొడుకు. ఆ ఏడు పందెం పోగొట్టిన ఎండని ఇప్పటికీ తిడుతూ ఉంటాడు. నేను విని ఊరుకుంటాను.

తాతతో మాట్లాడింది నేనని నాన్నగారికి తెలుసో లేదో నాకు తెలీదు. ఒక్క మాట అడగలేదు, ఒక్కసారి కసరలేదు. కానీ కొత్త ఆకులు వేసి చక్రం తిరిగొచ్చిన రోజు, కర్రతో ఆయనే కొట్టుకున్నారు, చెవి ఆయనే పెట్టుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను బండి దగ్గరికి పిలవలేదు. తమ్ముడు దక్కాడు. నాకు ఉన్న ఆ ఒక్క చోటూ పోయింది. మంచిపని చేశానన్న తృప్తి వస్తుందేమోనని చాలా ఏళ్ళు చూశాను. వచ్చింది గాని, ఎప్పుడూ ఒంటరిగా రాలేదు.

నిన్న మా రేవులో మా దోనె మునిగింది. ఒడ్డుకి దగ్గరే, మోకాటి లోతు నీళ్ళు. అందులో ఉన్నది నా చిన్నకూతురు. తడిసిన పిల్లని ఎత్తుకుని నేను మొట్టమొదట అరిచిన మాట, "ఎవడు చేశాడిది?" అని. అడుగు చెక్క వదులైందని మా పెద్దవాడికి మూడు రోజులుగా తెలుసట. గునపంతో ఆడుతూ వాడే కదిలించాడు. ఎందుకు చెప్పలేదురా అంటే తల వంచుకుని, "ఎవరు చేశారని అడుగుతావుగా అమ్మా" అన్నాడు.

రాత్రంతా ఆ మాటే. వడ్రంగి తాత ఆ రోజు నన్ను అడగని ప్రశ్నే, నేను నా పిల్లల్ని అన్నిటికంటే ముందు అడుగుతున్నాను. ఆయన గనక అడిగి ఉంటే నేను జామకాయ కూడా తీసుకోకుండా పారిపోయి ఉండేదాన్ని. అప్పుడు మా తమ్ముడు ఆ బండి ఎక్కేవాడు.

తెల్లారాక చద్దన్నం పెడుతూ నా పిల్లలు ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఈ మాట మీద నిలబడగలనో లేదో నాకే నమ్మకం లేదు, అందుకే చివరి మాట కూడా చేర్చి చెప్పాను. "ఏది విరిగినా, వదులైనా, పగిలినా వెంటనే వచ్చి నాతో చెప్పండి. ఎవరు చేశారని అడగను. అడగబోతే, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి అయినా సరే, ముందు ఆ సంగతి చెప్పండి."