ఒక్క మెతుకు చాలదు

నూజివీడులో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఏటా లాజిక్ పాఠం వచ్చేసరికి నా గొంతు పోతుంది. 'బుట్టలోని కాయలన్నీ పండాయి' అన్న వాక్యాన్ని కాదంటూ రాయమంటాను. క్లాసు క్లాసంతా 'ఒక్క కాయా పండలేదు' అని రాస్తుంది. కాదర్రా బాబూ, 'పండని కాయ కనీసం ఒకటుంది' అని రాయాలి. 'అన్నీ' అన్న మాటను పడగొట్టడానికి ఒక్కటి చాలు. 'ఒక్కటీ లేదు' అనాలంటే మాత్రం బుట్టంతా తిరగేసి చూడాలి. పిల్లలు తలూపుతారు. పరీక్షలో మళ్లీ అదే రాస్తారు.

పిల్లల్ని అని ఏం లాభం, మా ఇల్లే అంత.

ఆగిరిపల్లి దగ్గర మాకు చిన్నరసాల మామిడి తోట ఉండేది. మా మావగారు మొక్క మొక్కకూ నీళ్లు మోసి పెంచిన తోట. మూడేళ్లుగా కాపు తగ్గిందని, దాన్ని కొట్టేసి పామాయిల్ వేద్దామని మా ఆయన పట్టుబట్టారు. "ఒక్క చెట్టూ కాయట్లేదు నాన్నా" అని ఈయన. "నా చెట్లన్నీ కాస్తాయిరా" అని ఆయన. రోజూ టిఫిన్ దగ్గర ఇదే గోల. రెండూ అబద్ధాలే. కొన్ని కాస్తున్నాయి, కొన్ని కాయట్లేదు. ఆ 'కొన్ని' అన్న ముక్క ఇద్దరి నోటా రాదు.

ఒకరోజు విసుగెత్తి నేనే నోరు జారాను. "మావయ్యగారి మాట తప్పని తేల్చాలంటే కాయని చెట్టు ఒక్కటి చూపిస్తే చాలండీ. మీ మాట తప్పని తేల్చాలన్నా కాసే చెట్టు ఒక్కటి చాలు. వెళ్లి చూసుకోండి" అన్నాను. మా ఆయన మొదటి వాక్యం విన్నారు. రెండోది వినలేదు.

మర్నాడు మావగారిని బండి ఎక్కించుకుని తోటకు తీసుకెళ్లారు. నేనూ నా స్కూటర్ మీద వెనకే వెళ్లాను. గట్టు వారన ఒక చెట్టు, కాండం తొలిచే పురుగు పట్టి నిలువునా ఎండిపోయి ఉంది. "ఇదిగో నాన్నా, అన్నీ కాస్తాయన్నావుగా" అన్నారు. మావగారు బెరడు గోకి చూశారు. పొడి రాలింది. మాట మీద నిలబడే మనిషి. తన మాట తప్పని తేలగానే ఇక వాదించలేదు.

"సరేరా, నీ ఇష్టం" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అదేంటి మావయ్యగారూ! ఒక్కటి ఎండితే తోట ఎండినట్టా? మీ మాట తప్పయిందంతే, మీ అబ్బాయి మాట ఒప్పయిపోలేదు" అన్నాను. పక్క వరుసలోనే కొమ్మలు కాయల బరువుకు వంగి ఉన్నాయి. వేలు పెట్టి చూపించాను.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదా?" అన్నారు మా ఆయన.

ఈ మాట మొదట అన్నవాడు దొరికితే నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చోబెడతాను. ఒకే గిన్నెలో ఒకే మంట మీద ఉడికే మెతుకులూ, దేని గుంటలో అది పెరిగిన చెట్లూ ఒకటేనా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఆ కాయలు దింపాక చెట్లు పెకలించడానికి పొక్లెయిన్ వచ్చింది. నాలుగు రోజుల పని. మావగారు ఆ నాలుగు రోజులూ అటు వెళ్లలేదు, తర్వాతా వెళ్లలేదు. కత్తి చేతికిచ్చింది నేనే. ఆ మాట ఎవరూ అనలేదు గానీ నాకు తెలుసు. అందుకే కాబోలు కోపం ఇంకా చల్లారలేదు.

మొన్న వేసవిలో మైలవరం నుంచి మావగారి పాత స్నేహితుడు వచ్చి, తోట ఎలా ఉందని అడిగారు.

"ఎక్కడి తోటండీ. అంతా పోయింది, ఒక్క చెట్టూ మిగల్లేదు" అన్నారు మావగారు.

నా పాడు అలవాటు ఊరుకోదు కదా. "తప్పు మావయ్యగారూ, ఒకటుంది" అన్నాను. మోటారు షెడ్డు పక్కన కరెంటు తీగలు అడ్డొచ్చి మిషను వదిలేసిన చెట్టు అది. దాని కాయలు కోయించి గడ్డిలో మాగేశాను. నాలుగు పళ్లు పళ్లెంలో తెచ్చి ఆయన ముందు పెట్టాను. గెలిచానని కూడా అనిపించింది, సిగ్గులేకుండా.

ఆయన ఒక పండు తీసుకుని, అరచేతుల మధ్య మెల్లగా నలిపి, తొడిమ దగ్గర వాసన చూశారు. "మోటారు దగ్గరిదే" అన్నారు. తర్వాత నా వైపు చూశారు.

"ఒక్కటి మిగిలితే తోట మిగిలినట్టా అమ్మా?"

ఇరవై రెండేళ్లలో నా పాఠం తప్పు లేకుండా అప్పజెప్పింది ఆయన ఒక్కరే. పండు తినకుండా పళ్లెంలో పెట్టేశారు.